కుక్కపిల్లకు వెల కట్టే ముందు

ఈమధ్య మన ముస్లిం కుటుంబాలలో కూడా కుక్కను పెంచుకోవాలన్న ముచ్చట పెరుగుతోంది. ఒకప్పుడు పొలమో, గొర్రెల మందో ఉన్నవారు మాత్రమే దీన్ని గురించి అడిగేవారు. నేడు ఆరో అంతస్తు ఫ్లాటులో ఉండేవారు అడుగుతున్నారు. మా వద్ద చదువుకునే పిల్లలు సెల్‌ఫోనులో నీలికళ్ళ కుక్కపిల్ల ఫొటో చూపించి, "ఉస్తాద్, దీన్ని పెంచుకోవడం జాయిజేనా?" అంటారు. తండ్రులేమో, "మౌల్వీసాబ్, పిల్లవాడు అన్నం ముట్టడం లేదు, కొనిచ్చేయమంటారా?" అంటారు. ఈ ప్రశ్నలకు ఫిఖహ్‌లో సమాధానాలున్నాయి. కానీ ఆ ప్రాణిని పది పన్నెండేళ్ళు పోషించడానికి ఎంత అవుతుంది, ఎవరు పోషిస్తారు అన్న ప్రశ్న మాత్రం మమ్మల్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఈ వారం మేము దాన్ని గురించే రాయదలిచాము.

ముందుగా ధర్మం ఏమంటుందో చూద్దాం. వేటకు, పశువుల కాపలాకు, పంట కాపలాకు తప్ప కుక్కను ఉంచుకున్నవాని సత్కర్మల ప్రతిఫలం నుంచి ప్రతిరోజూ ఒక ఖీరాతు తగ్గిపోతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స.అ.స.) హెచ్చరించారు. కొన్ని ఉల్లేఖనాల్లో రెండు ఖీరాతులని ఉంది. హజ్రత్ అబూ హురైరా (రజి), హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి)ల ద్వారా ఈ హదీసులు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో నమోదయ్యాయి. పంట కాపలా మాట హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంలో వస్తుంది. ఆయనకు సేద్యపు భూమి ఉండేదని ఇబ్నె ఉమర్ (రజి) గుర్తు చేశారు. అవసరం ఉన్నవాడే అవసరానికి సంబంధించిన మాటను జాగ్రత్తగా గుర్తుంచుకుంటాడు కదా! ఖీరాతు అంటే మామూలుగా చిన్న తూకమే. అయితే జనాజా నమాజు పుణ్యం విషయంలో ఒక ఖీరాతు ఉహుద్ పర్వతమంత అని ప్రవక్త (స.అ.స.) వివరించారు. ఆ ఖీరాతూ, ఈ ఖీరాతూ ఒకటేనా అన్నదానిపై పండితులు చర్చించారు. ఎంతైనా సరే, రోజూ జరిగే నష్టం నష్టమే. కుక్క ఉన్న ఇంటిలోనికి కారుణ్య దూతలు ప్రవేశించరన్న హదీసు మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు.

దొంగల భయం ఉన్నచోట ఇంటి కాపలాకు కూడా ఈ అనుమతి వర్తిస్తుందని మన హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. కాబట్టి ఊరికి దూరంగా మామిడి తోటలో కాపురముండే రైతు, గోదాము ముందు రాత్రిళ్ళు కాపలా కాసే వాచ్‌మన్ కుక్కను పెట్టుకుంటే, "మీరు ముసల్మానులేనా?" అని వేలు చూపించే హక్కు ఎవరికీ లేదు. ఇలా వేలు చూపించేవారు మన జమాఅతుల్లో ఉన్నారు గనుకనే ఈ మాట రాయవలసి వచ్చింది. వేటకు శిక్షణ పొందిన జంతువులు పట్టి తెచ్చినదాన్ని తినడానికి దివ్యఖుర్ఆన్ మాయిదా సూరా అనుమతినిస్తోంది. కహఫ్ సూరాలో గుహవాసుల కుక్క గుమ్మం దగ్గర ముందుకాళ్ళు చాపుకుని పడుకుని ఉన్న దృశ్యం ప్రతి శుక్రవారం ఆ సూరా పారాయణం చేసేవారందరికీ పరిచయమే.

ఇక డబ్బు సంగతి. నగరాల్లో లాబ్రడార్ పిల్లకు పది వేల నుంచి ఇరవై వేల రూపాయల వరకు అడుగుతున్నారు. హస్కీ వంటి జాతులకు ఇంకా ఎక్కువే. ఈ వెల విషయంలోనే ఒక మస్‌అలా ఉంది. కుక్క అమ్మిన సొమ్మును ప్రవక్త (స.అ.స.) నిషేధించారని హజ్రత్ అబూ మస్ఊద్ అన్సారీ (రజి) ఉల్లేఖించారు. షాఫయీ, హంబలీ పండితులు దీన్ని అన్ని కుక్కలకూ వర్తింపజేశారు. హనఫీ పండితులు మాత్రం వేటకో, కాపలాకో పనికివచ్చే కుక్క అమ్మకాన్ని అనుమతించారు. మన తెలుగు ప్రాంతాల్లో ఎక్కువమంది హనఫీలే. హైదరాబాదు బార్కస్‌లోని అరబ్బు కుటుంబాల వంటివారు షాఫయీ మార్గీయులు. ఎవరి మార్గం వారిది. కానీ సోఫా మీద కూర్చోబెట్టి ఫొటోలు తీసుకోవడానికి ఇరవై వేలు పోసి కొనే కుక్కకు ఏ మార్గంలోనూ తేలిగ్గా దారి దొరకదు. నిజంగా కాపలా అవసరమైనవారు ఎవరి దగ్గరనుంచో ఊరకుక్క పిల్లను ఊరికే తెచ్చుకుంటే ఈ చిక్కే రాదు. మన ఎండలకు అలవాటుపడిన కుక్క కూడా అదే.

కొనేవారు చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. పిల్లలను కనిపించి అమ్మే వ్యాపారి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. సంతలో అట్టపెట్టెలో పెట్టి అమ్మే నెలరోజుల పిల్ల తల్లిపాలు మరవనిది. అటువంటివి పార్వో అనే రక్త విరేచనాల జబ్బుతో ఇంటికి వచ్చిన వారంలోనే చనిపోవడం పశువైద్యులకు నిత్యం కనిపించే విషయం. ఆ వారం రోజుల్లో సెలైన్లకు, సూదులకు అయ్యే ఖర్చు కొన్న వెలను మించిపోవచ్చు. అప్పుడు పిల్లవాడు ఏడుస్తాడు, తండ్రి విసుక్కుంటాడు.

బతికిన పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, మూడు నాలుగు వారాల తర్వాత మళ్ళీ ఒకటి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఆపైన ఏటేటా. నులిపురుగుల మందు వేరు. మన వాతావరణంలో గోమార్ల బెడద ఎక్కువ. వాటివల్ల వచ్చే జ్వరం ముదిరితే రక్త పరీక్షలు, నెల రోజుల మాత్రలు. పట్టణాల్లో మున్సిపాలిటీ లైసెన్సు తీసుకోవాలి, దానికి టీకా పత్రం చూపాలి. సంతాన నిరోధక శస్త్రచికిత్స ఇంకో ఖర్చు. అన్నిటికంటే పెద్దది తిండి. ఎదిగిన లాబ్రడార్‌కు సంచీ మేత పెడితే నెలకు ఇంచుమించు పది కిలోలు కావాలి. తిండీ, మందులూ కలిపి తక్కువలో తక్కువ నెలకు 3 వేలు అనుకుందాం. ఏడాదికి 36 వేలు. ఆ జాతి కుక్క మామూలుగా పది పన్నెండేళ్ళు బతుకుతుంది. పన్నెండేళ్ళకు 4 లక్షల 32 వేలు. ధరలు ఇలాగే ఉంటేనే సుమా ఈ లెక్క! పిల్లవాడు ఆరో తరగతిలో అలిగి కొనిపించుకున్న కుక్క అతడు డిగ్రీ ముగించి ఏ గల్ఫుకో, బెంగుళూరుకో వెళ్ళిపోయాక కూడా ఇంట్లోనే ఉంటుంది. అప్పటికి ముసలిదైపోయి, కీళ్ళు పట్టేసి, చూపు మందగించి ఉంటుంది. దాన్ని చూసుకునేది ఎవరు? మొదటినుంచీ వద్దని మొత్తుకున్న తల్లి!

హస్కీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పుట్టిన జాతి. దాని ఒంటిమీద బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. దాన్ని తెచ్చి విజయవాడలోనో, రామగుండంలోనో మే నెలలో ఉంచితే ఆ మూగజీవి ఏ పాపం చేసిందని? దానికోసం పగలంతా ఏసీ నడిపేవారున్నారు. ఆ కరెంటు బిల్లును ఎవరూ కుక్క ఖర్చులో రాసుకోరు. నడపలేనివారు దాన్ని బాల్కనీలో కట్టేస్తారు.

మేము ఎక్కువగా భయపడేది ఇక్కడే. పిల్లిని కట్టివేసి, తాను తిండి పెట్టకుండా, పురుగో పుట్రో తిని బతకడానికి వదలకుండా చంపిన స్త్రీ నరక శిక్షకు గురైందని ప్రవక్త (స.అ.స.) తెలియజేశారు. దప్పికతో మట్టి నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి తన మేజోడులో నీరు పట్టుకువచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడనీ తెలియజేశారు. ప్రాణమున్న ప్రతి జీవి పట్ల చూపే దయకు పుణ్యం ఉందన్న మాట సహాబాలు అడిగితే ఆ సందర్భంలో చెప్పినదే. దాహంతో ఉన్న కుక్కకు నీరు పోసిన ఆ వ్యక్తి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడని హదీసులో లేదు. దయ చూపడానికి కొనుక్కోనక్కర లేదు. మసీదు నుంచి వస్తూ కుక్కను రాళ్ళతో కొట్టే కుర్రాళ్ళకు, ఇరవై వేలు పెట్టి కొని ఎండలో కట్టేసే శ్రీమంతునికి ఈ హదీసులు రెండూ కలిపి వినిపించాలి.

కట్టేయడానికి కూడా విసిగినవారు ఏం చేస్తున్నారు? రాత్రివేళ కారులో ఎక్కించి ఊరి బయట రింగురోడ్డు దగ్గర వదిలేస్తున్నారు. 2020లో కరోనా లాక్‌డౌన్ మొదలైనప్పుడు కుక్కల వల్ల జబ్బు అంటుతుందన్న వదంతి నమ్మి వదిలేసినవారు దేశంలో చాలాచోట్ల ఉన్నారు. ధోబీ కుక్క ఇంటిదీ కాదు, రేవుదీ కాదని మన ఉర్దూ సామెత. సోఫా మీద పెరిగిన ఈ కుక్క గతీ అంతే. వీధి కుక్కలు దాన్ని దరిచేరనివ్వవు, తిండి వెతుక్కోవడం దానికి తెలియదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం పెంపుడు జంతువును అలా వదిలేయడం నేరమే. అయితే మొదటి తప్పుకు జరిమానా యాభై రూపాయలకు మించదు. చట్టం ఆనాటి యాభై దగ్గరే ఆగిపోయింది. అల్లాహ్ దగ్గర లెక్క యాభై రూపాయలతో తీరుతుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

వదిలేసిన కుక్కలు వీధి గుంపులకు తోడవుతాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడిని వీధి కుక్కలు చంపిన సంఘటన ఇంకా మన కళ్ళముందే ఉంది. కాబట్టి కుక్కంటే భయపడే తల్లులను చూసి ఎవరూ నవ్వనక్కర లేదు. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా కారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ దీనికి పేరుపడ్డ చోటు. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఇంట్లో కుక్కే కదా కరిచింది అని తేలిగ్గా తీసుకోవద్దు. తాయెత్తు కట్టించి ఊరుకోవడం అసలే వద్దు.

ఇంతా విని పిల్లవాడికి ఏం చెప్పాలి అంటారా? వాడి కోరికను చులకన చేయవద్దు. అబూ ఉమైర్ అనే చిన్నవాడు పెంచుకుంటున్న పిట్ట చనిపోతే ప్రవక్త (స.అ.స.) స్వయంగా ఆ పసివాడిని పలకరించి, పిట్ట సంగతి అడిగి ఊరడించారు. పిల్లి ఎంగిలి అశుద్ధం కాదనీ, అది మన చుట్టూ తిరిగే జీవుల్లో ఒకటనీ హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఉల్లేఖించారు. పెరుగన్నంతో, చేప తలతో పెరిగే పిల్లికి వెల లేదు. ఊళ్ళో ఉన్నవారికి కోళ్ళు, పావురాలు, మేకపిల్ల ఉండనే ఉన్నాయి. మేకపిల్లతో బక్రీదు నాటికి ఇంకో ఏడుపు తప్పదనుకోండి, అది వేరే విషయం. అపార్టుమెంటులో ఉన్నవారు గేటు బయట మట్టి తొట్టిలో రోజూ నీళ్ళు నింపే పని వాడికి అప్పగించవచ్చు. కుక్కలూ తాగుతాయి, కాకులూ తాగుతాయి.

కుక్క తప్పనిసరిగా కావలసిన రైతులకు, గొర్రెల కాపరులకు ఒక్క మాట. మీరు పెట్టే సంకటి, మిగిలిన అన్నం దానికి సరిపోవచ్చు గాని, రేబిస్ టీకా విషయంలో మాత్రం పొదుపు వద్దు. జూలై 6న, అంటే 1885లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలునికి రేబిస్ టీకా ఇప్పించిన రోజున, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఏటా కుక్కలకు ఉచితంగా ఈ టీకా వేస్తుంటారు. కుక్కను ఇంటి లోపలికి రానీయక వాకిట్లోనో, కొట్టం దగ్గరో ఉంచండి. దాని గిన్నె వేరుగా పెట్టండి. అది మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు, మొదటిసారి మట్టితో కడగాలని హదీసు. మూడుసార్లు తప్పనిసరి, ఏడుసార్లు ఉత్తమం అని హనఫీలు అంటారు. బట్టలకు దాని చొంగ అంటితే కడుక్కునే నమాజుకు నిలబడాలి.

ఇప్పటికే కొనేసి, ఉంచుకోలేక సతమతమవుతున్నవారు రింగురోడ్డు వైపు వెళ్ళకండి. తోటో, కోళ్ళ ఫారమో, గోదామో ఉన్నవారు, ముస్లిమైనా ముస్లిమేతరుడైనా, నిజంగా కాపలా అవసరమైనవారు మీ ఊళ్ళోనే దొరుకుతారు. డబ్బు అడగకుండా ఇచ్చేయండి. టీకాల కార్డు దానితోపాటే ఇవ్వండి. అది ఏం తింటుందో, ఏ పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందో తీసుకువెళ్ళేవారికి చెప్పి పంపండి.