ఆ నల్ల రాళ్లు ఎవరు మోశారు?

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. పంపినవాడు నా పాత విద్యార్థి. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివాడు. తర్వాత కోడింగ్ నేర్చుకుని హైదరాబాద్‌లో ఉద్యోగం సంపాదించాడు. వాళ్లమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచి వాడిని చదివించింది. టార్గెట్ దాటినందుకు కంపెనీ వాడిని ఇంకో ఇరవై మందితో కలిపి మారిషస్ తీసుకెళ్లింది. ఫొటోలో తెల్ల టోపీ, తెల్ల బూట్లు, చేతిలో గోల్ఫ్ కర్ర. వెనక పచ్చిక, దాని వెనక సముద్రం. కింద ఇలా రాశాడు: "మాస్టారూ, ఇక్కడ ఒక్క ఆట ఖర్చెంతో చెప్పండి చూద్దాం."

నాకు ముందు సంతోషమే వేసింది. దాచుకోను. మా పేటలో పుట్టినవాడు ఆ పచ్చిక మీద కూలివాడిగా కాక ఆటగాడిగా నిలబడ్డాడు. వాడి నవ్వు చూసి నేనూ నవ్వుకున్నాను. తర్వాత ఫొటో పెద్దది చేసి చూశాను. వాడి ఎడమ భుజం వెనక, పచ్చిక అంచున, మనిషి నడుమెత్తు నల్ల రాళ్ల గుట్ట ఒకటి కనిపించింది. వాడు అడిగిన లెక్క ఆ గుట్ట దగ్గర మొదలవుతుంది.

ముందు కనిపించే ఖర్చు చెప్పుకుందాం. మారిషస్‌లో పేరున్న మైదానాల్లో సీజన్‌లో పద్దెనిమిది గుంటల ఆటకు రుసుము నూరు యూరోల పైమాటే. ఆ దేశపు రూపాయల్లో సుమారు ఐదు వేలు. 2024లో అక్కడ కనీస వేతనం నెలకు 16,500 రూపాయలు. నెలకు ఇరవై ఆరు పనిదినాలు వేసుకుంటే ఒక ఆట ఎనిమిది రోజుల కూలి. కర్రల అద్దె, పోగొట్టుకున్న బంతులు, ఆట అయ్యాక తాగే చల్లటి బీరు కలిపితే పది రోజులు దాటుతుంది. తెల్లవారకముందే వచ్చి ఆ పచ్చిక కోసే మనిషి, తను కోసిన గడ్డి మీద ఒక్క పూట ఆడాలంటే పది రోజులు కూడబెట్టాలి. ఆ పది రోజులూ ఏమీ తినకూడదు.

లెక్క ఇంతే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. డబ్బున్నవాడి ఆట ఖరీదుగా ఉంటుందని చెప్పడానికి డాక్టరేట్ ఎందుకు? అసలు ఖర్చు ఆ రసీదులో లేదు.

మారిషస్ అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి. నేల నిండా నల్ల రాళ్లు. చెరకు వేయాలంటే ముందు వాటిని ఏరాలి. ఏరి, మోసి, పొలం మధ్యలోనో గట్టు మీదో పేర్చాలి. ఇప్పటికీ చెరకు తోటల మధ్య ఆ గుట్టలు కనిపిస్తాయి. తోట తీసేసి మైదానం చేసిన చోట్ల ఆ రాళ్లే అలంకారమయ్యాయి. ఫొటో దిగేవాళ్లకు అవి ప్రకృతి అందంలా కనిపిస్తాయి. నిజానికి అది చేతిపని. మొదట ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి పట్టుకొచ్చిన బానిసల చేతులు. తర్వాత మన చేతులు.

1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. బ్రిటిష్ ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. ఎవరికి? బానిసలను పోగొట్టుకున్న యజమానులకు. బానిసలకు పైసా ఇవ్వకపోగా, 'పని నేర్చుకోవడం' అనే పేరుతో ఇంకో నాలుగేళ్లు అదే యజమాని దగ్గర చాకిరీ చేయించారు. ఈలోగా యజమానులు హిందూ మహాసముద్రం ఇవతలి ఒడ్డు వైపు చూశారు. 1834 నుంచి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులను ఒప్పంద కూలీలుగా ఆ దీవికి చేర్చారు. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడెక్కారు కనుక అక్కడ మనవాళ్లను చాలాకాలం కోరంగులనే పిలిచేవారు.

ఆ కూలీల రిజిస్టర్లు ఇంకా భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, కులం. అవును, కులం కూడా రాసుకున్నారు. తోట యజమానికి మనిషి అక్కర్లేదు, నంబరు చాలు. కానీ నంబరు పక్కన కులం గడి మాత్రం ఉండాల్సి వచ్చింది. సముద్రం దాటితే కులం పోతుందని పెద్దకులాలవాళ్లు భయపడిన కాలంలో, పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేనివాళ్లలో చాలామంది ఓడెక్కారు. ఎక్కినా అది పోలేదు. ఇవాళ్టికీ అక్కడ ఎన్నికలప్పుడు కులం లెక్కలు నడుస్తాయి.

మొదటి రోజుల్లో మగమనిషికి జీతం నెలకు ఐదు రూపాయలు, కాస్త తిండిగింజలు. ఒప్పందం ఐదేళ్లు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. దాన్ని డబుల్ కట్ అనేవారు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మా తాత పాలేరుతనం చేశాడు. జ్వరమొచ్చి ఒక రోజు పడుకుంటే ఏడాది చివర రెండు రోజులు అదనంగా చేయించుకునేవారని నాన్న చెప్పేవాడు. మా ఊరి కామందు మారిషస్ చూడలేదు. అక్కడి తెల్ల దొర మా ఊరు చూడలేదు. ఇద్దరికీ ఒకటే లెక్క వచ్చింది.

ఒప్పందం ముగిసినా స్వేచ్ఛ రాలేదు. 1867 నాటి చట్టంతో పాత కూలీలు ఫొటో అంటించిన పాస్ జేబులో పెట్టుకుని తిరగాల్సి వచ్చింది. అది లేకుండా దొరికితే దేశదిమ్మరి అని పట్టుకునేవారు. ఆ రాళ్లు మోసిన మనిషి, తన చేతులతో బాగుచేసిన నేల మీద నడవడానికి అనుమతి చీటీ చూపించాలి.

మనవాళ్లు నోరు మూసుకుని పడి ఉన్నారనుకోకండి. 1871లో 9,401 మంది పాత కూలీలు విన్నపం మీద సంతకాలు పెట్టారు. దాంతో రాయల్ కమిషన్ రాక తప్పలేదు. 1943 సెప్టెంబరు 27న బెల్ వూ హారెల్ తోటలో కూలి పెంచమని సమ్మె చేస్తున్నవాళ్ల మీద పోలీసులు కాల్చారు. చనిపోయినవాళ్లలో అంజలే కూపెన్ అనే గర్భిణి ఉంది. ఇవాళ ఆమె పేరుతో అక్కడ ఒక స్టేడియం ఉంది. ఆ దీవిలో ఆట గురించి మాట్లాడాలంటే నాకు ముందు ఆ మైదానమే గుర్తుకొస్తుంది.

ఇక ఈ కాలానికి వద్దాం. చెరకు తోట గోల్ఫ్ మైదానం ఎలా అయింది? 2006 నుంచి యూరప్ ఆ దీవి చక్కెరకు ఇచ్చే ధరను 36 శాతం తగ్గించింది. దెబ్బ రాబోతోందని ముందే తెలిసి మిల్లులు ఒక్కటొక్కటిగా మూశారు. స్వచ్ఛంద విరమణ పేరుతో వేలాది కూలీల చేతిలో కొంత డబ్బు, ఒక చిన్న ఇంటిస్థలం పెట్టి పంపేశారు. భూమి మాత్రం ఎక్కువభాగం పాత ఎస్టేటుల దగ్గరే ఉండిపోయింది. 2002లో ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. ఐదు లక్షల డాలర్లు పెట్టి విల్లా కొన్న విదేశీయుడికి నివాస అనుమతి. ఎస్టేటుకు కొత్త పంట దొరికింది.

గోల్ఫ్ ఇక్కడ వస్తుంది. మైదానం ఆట రుసుముతో బతకదు. పచ్చిక ఎదురుగా ఉన్న విల్లా, పచ్చిక లేని విల్లా కంటే ఎక్కువ ధరకు అమ్ముడుపోతుంది. రియల్ ఎస్టేట్ వెంచర్‌లో పార్కు చూపించి ప్లాట్లు అమ్మినట్టే. పద్దెనిమిది గుంటల మైదానానికి దాదాపు నూటయాభై ఎకరాలు కావాలి. ఎకరం చొప్పున పంచితే నూటయాభై కుటుంబాలు. భూమి లేని ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ భాగహారం ఎవరూ నేర్పక్కర్లేదు.

దక్షిణ తీరంలో బెల్ ఓంబ్ర్ అనే పాత చక్కెర ఎస్టేటు ఉంది. అక్కడ 2004లో గోల్ఫ్ మైదానం తెరిచారు. 2023లో ఇంకోటి తెరిచారు. ఒకప్పుడు దొర కూర్చుని తోట చూసుకున్న బంగళా ఇప్పుడు మైదానం పక్కన ఖరీదైన రెస్టారెంట్. పశ్చిమాన లె మోర్న్ కొండ ఉంది. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ కొండ పాదం దగ్గర కూడా గోల్ఫ్ ఆడుకోవచ్చు.

సముద్రపు ఒడ్డు సంగతి మరీ ముఖ్యం. మారిషస్ చట్టం ప్రకారం అలలు తాకే ఇసుక ప్రజలందరిది. హోటళ్లకు దొరికేది దాని వెనక ఉన్న ప్రభుత్వ భూమి లీజు. కానీ ఆ ఇసుక దగ్గరికి వెళ్లే దారి హోటల్ గేటు లోంచి, మైదానం పక్క నుంచి పోతుంటే? గార్డు ఏమీ అనకపోవచ్చు. చూపు చాలు. స్థానికులు ఊరికే పడి ఉండలేదు. మా బీచ్‌లు దోచుకోవడం ఆపండి అని అర్థం వచ్చే క్రియోల్ మాట 'అరెత్ కోకెన్ ను లాప్లాజ్' పేరుతో ఉద్యమం నడుపుతున్నారు. ఇది మనకు తెలిసిన కథే. 1923లోనే బొంబాయి శాసనమండలి ప్రజా చెరువులను అందరికీ తెరిచింది. మహద్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద చవదార్ చెరువు మనదే. నీళ్లు తాగడానికి మాత్రం 1927లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లాల్సి వచ్చింది, దెబ్బలు తినాల్సి వచ్చింది. చట్టం తెరిచిన తలుపు దగ్గర మనిషి కాపలా ఉంటే ఆ తలుపు మూసి ఉన్నట్టే.

నీళ్ల సంగతీ అంతే. వానలు తప్పిన ఏడు ఆ దీవిలో పైపుతో తోటలు తడపొద్దని, కార్లు కడగొద్దని జనానికి ఆంక్షలు పెడతారు. పచ్చిక మాత్రం ఎండకూడదు. శుద్ధి చేసిన మురుగునీళ్లు వాడతామని, ఉప్పు తట్టుకునే గడ్డి వేశామని యాజమాన్యాలు చెప్తాయి. కొన్నిచోట్ల నిజం కూడా. అయినా ఎండాకాలంలో ఏది ముందు తడవాలో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఎదుటివాదన నాకు తెలుసు. పర్యాటకం వల్లే ఉద్యోగాలు వచ్చాయంటారు. వచ్చాయి. మా తాతల్లా రాళ్లు మోయడం కంటే ఏసీ గదిలో దుప్పట్లు మార్చడం మేలంటారు. మేలే. అక్కడ ఉచిత విద్య ఉంది, ఉచిత వైద్యం ఉంది, కూలీల మనవలే ప్రధానులయ్యారు. ఇవేవీ చిన్న విషయాలు కావు. పోరాడి తెచ్చుకున్నవి. పాత ఎస్టేటులు విడగొట్టి అమ్మినప్పుడు కొందరు కూలీలు చెమటోడ్చి చిన్న కమతాలు కొనుక్కున్నారు కూడా. కానీ 2009లో ఆ దేశమే బానిసత్వం, ఒప్పంద కూలీ వ్యవస్థల మీద సత్య, న్యాయ కమిషన్ వేసుకుంది. 2011లో నివేదిక వచ్చింది. భూములు పోగొట్టుకున్న కుటుంబాలు కాగితాలు పట్టుకుని ఆ కమిషన్ ముందుకు వెళ్లాయి. ఉద్యోగం ఇచ్చాం కదా అంటే భూమి బాకీ తీరదని వాళ్లకు తెలుసు. ఉపాధి వేరు, వాటా వేరు. మన దగ్గర ఉపాధి హామీ కార్డు చూపించి అసైన్డ్ భూమి అడగొద్దనేవాళ్లకు కూడా ఇదే జవాబు.

నేను తెలుగు సాహిత్యం చెప్పుకుని బతికేవాణ్ణి కనుక ఇంకో బాకీ గుర్తు చేయాలి. మారిషస్‌లో పుట్టి ఫ్రెంచ్‌లో రాసే నతాషా అప్పన్న పూర్వీకులు తెలుగు నేల నుంచి ఆ చెరకు తోటలకు వెళ్లినవాళ్లు. 2003లో ఒప్పంద కూలీల మీద నవల రాసింది. 2023లో తన కుటుంబం కథ రాసింది. మన సింహాద్రి అప్పన్న పేరు ఫ్రెంచ్ పుస్తకాల అట్టల మీద ఉంది. మన సిలబస్‌లో లేదు. ప్రవాసాంధ్రులంటే మనకు అమెరికా ఒక్కటే గుర్తొస్తుంది. విమానమెక్కినవాళ్లు ప్రవాసులు, ఓడ అడుగున కూర్చున్నవాళ్లు ఎవరూ కారు.

ఆ సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. గోల్ఫ్ ఆడొద్దని చెప్పలేదు. అలా చెప్పే హక్కు నాకు లేదు. మనం మంచి చొక్కా తొడిగినా, గుర్రమెక్కినా ఓర్వలేని దేశంలో, మన పిల్లవాడికి 'నీకెందుకీ ఆట' అని నేనూ అనను. "వెనక రాళ్లు చూశావా?" అని మాత్రమే అడిగాను. చూడలేదన్నాడు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు ఇంకో ఫొటో పంపాడు. ఈసారి టోపీ లేదు, కర్ర లేదు. గుట్ట ఒక్కటే. కింద రెండు వాక్యాలు. "మాస్టారూ, ఇక్కడ గడ్డి కోసే పెద్దాయన చొక్కా మీద పేరు మన పేరులాగే ఉంది. తెలుగు రాదట, కానీ ఉగాదికి సెలవిస్తారని చెప్పాడు."

అవును, ఆ దేశంలో ఉగాది జాతీయ సెలవు. ఆ ఒక్క రోజు పెద్దాయన పచ్చిక కోయడు. గోల్ఫ్ ఆడాలనుకుంటే ఆడుకోవచ్చు, పది రోజుల కూలి చేతిలో ఉంటే.

జై భీమ్.