ఆదివారం పదింటికి మెయిన్ దించండి!

విశాఖ కాలనీవాసులారా, అపార్టుమెంటు వాసులారా, కింద జనరేటరు ఉంది కదా అని నిశ్చింతగా పడుకుంటున్న పెద్దలారా!

2014లో విజయదశమి అక్టోబరు 3న వచ్చింది. ఆ రోజు మా అపార్టుమెంటు జనరేటరుకి పసుపు రాశాం, కుంకుమబొట్టు పెట్టాం, బంతిపూల దండ వేశాం, కొబ్బరికాయ కొట్టాం. ఆయిల్ గేజి మాత్రం బయటికి లాగి చూడలేదు. తొమ్మిది రోజులు తిరిగేసరికి, 12వ తేదీ ఆదివారం, హుద్‌హుద్ తుఫాను మన నెత్తిన పడింది. వాడిపోయిన దండ ఇంకా సెట్టు మీదే ఉంది. వాచ్‌మన్ తాళం తిప్పితే 'టిక్' మంది. మళ్లీ తిప్పితే ఆ టిక్కు కూడా లేదు.

"సెల్ఫ్ తీసుకోవట్లేదు బాబూ" అన్నాడు.

టార్చి వేసి చూస్తే బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా, బూజులా చిలుము. ఎవరిదో కారు బ్యాటరీ తెచ్చి తగిలిస్తే ఇంజను అందుకుంది. చప్పట్లు కొట్టాం. నీళ్ల మోటారు వేశాం. పది నిమిషాలు నడిచి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. ట్యాంకు అడుగున ఎన్నాళ్లుగానో పేరుకున్న నీళ్లూ మడ్డీ వచ్చి డీజిల్ ఫిల్టరుని మూసేశాయి. మెకానిక్కుకి ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. వెళ్లి పిలుచుకొద్దామంటే రోడ్డుకి అడ్డంగా చెట్లు. తర్వాత నాలుగో అంతస్తుకి బక్కెట్లతో నీళ్లు మోశాం. కరెంటు వచ్చేదాకా, అంటే రోజుల తరబడి, మోస్తూనే ఉన్నాం.

నెలకోసారి స్టార్టు చేయిస్తూనే ఉన్నామే అని అప్పుడు మేమూ అన్నాం. రెండు నిమిషాలు గుర్రుమనిపించి ఆపేస్తే దాన్ని టెస్టు అనరండీ. స్టార్టయ్యేటప్పుడు బ్యాటరీలోంచి లాగేసుకున్న కరెంటు రెండు నిమిషాల్లో తిరిగి నిండదు. ఇంజను సరిగ్గా వేడెక్కదు, సైలెన్సరులో చెమ్మ ఆరదు. లోడు లేకుండా ఊరికే నడిపితే డీజిల్ పూర్తిగా మండక పొగగొట్టంలో జిడ్డుమసి పడుతుంది. అలా నెలనెలా చేస్తే సెట్టుని కాపాడుకుంటున్నామనుకుంటూ పాడుచేసుకోవడమే.

అందుకే ఈ విన్నపం. వచ్చే ఆదివారం ఉదయం పదింటికి మన వీధిలో ప్రతి ఇంటివాళ్లూ మెయిన్ దించండి. తుఫాను రాత్రి వచ్చిందనుకోండి. సెట్టు వేసి, అప్పుడు మీకు ఏవి కావాలో అవే ఒకదాని తర్వాత ఒకటి వేయండి. ముందు ఫ్రిజ్, తర్వాత నీళ్ల మోటారు, ఆ తర్వాత లైట్లూ ఫ్యాన్లూ. అరగంటకి తగ్గకుండా నడవాలి. ఒక హెచ్‌పీ మోటారంటే 746 వాట్లే కదా అని లెక్క వేసుకుంటారు గానీ, తిరగడం మొదలెట్టే క్షణంలో అది దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. చిన్న సెట్టు ఆ దెబ్బకే చతికిలబడుతుంది. ఆ సంగతి పట్టపగలు తెలిస్తే నవ్వుకుంటాం. ఇంట్లో ఆక్సిజన్ మెషీను మీద మనిషి ఉంటే ఆ మెషీనుని కూడా మీ సెట్టు మీద నడిపి చూడండి. అయితే పక్కన నిండు సిలిండరు పెట్టుకుని, డాక్టరుని అడిగాకే.

తాళం తిప్పేముందు ఐదు నిమిషాలు సెట్టు ముందు కూర్చోండి. గేజి తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి ఆయిల్ చూడండి. ఇంజను చల్లగా ఉండగానే రేడియేటరు మూత తీసి నీళ్లు చూడండి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయండి, కుళాయి నీళ్లు వద్దు. మనది సముద్రపుగాలి, ఇనుమనేదాన్ని దేన్నీ వదలదు. టెర్మినళ్లు విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక బిగించి, పైన వాజలీన్ రాయండి. ఖర్చు పెద్దగా ఉండదు. పెట్రోలు సెట్టు ఉన్నవాళ్లు కిందటేడు పోసిన పెట్రోలుని నమ్ముకోకండి. నిల్వ పెట్రోలు కార్బురేటరులో జిగురుకడుతుంది. ఇప్పుడొచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. టెస్టు అయ్యాక పెట్రోలు కాకు కట్టేసి, దానంతటది ఆగేదాకా నడవనివ్వండి.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. కొందరిళ్లలో రెండువైపులా పిన్నులున్న వైరొకటి ఉంటుంది. ఒక కొస జనరేటరుకి, రెండో కొస గోడ సాకెట్టుకి. ఇల్లంతా వెలుగుతుంది, పని అయిపోయిందనుకుంటారు. మెయిన్ దించడం మరిచిపోయారా, ఆ కరెంటు సర్వీసు వైరులో వెనక్కి పరుగెత్తి ట్రాన్స్‌ఫార్మరు చేరుతుంది. మనింటి 230 వోల్టులు అక్కడ తిరగబడి 11 వేల వోల్టుల లైనులోకి ఎక్కుతాయి. ఆ లైను మీద, కరెంటు లేదన్న నమ్మకంతో, వానలో స్తంభమెక్కి ఉంటాడు లైన్‌మన్. హుద్‌హుద్ అప్పుడు బయటి జిల్లాల నుంచి కూడా వచ్చి మన స్తంభాలు నిలబెట్టారు వాళ్లు. ఆ వైరు మీ ఇంట్లో ఉంటే ఈ కరపత్రం చదవడం ఆపి, వెళ్లి కోసేయండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. ఆ స్విచ్ ఉంటే లైనైనా ఉంటుంది, జనరేటరైనా ఉంటుంది, రెండూ కలవవు.

పొగ సంగతి. వాన పడుతోందని పెట్రోలు సెట్టుని వరండాలోకో మెట్ల కిందకో లాగకండి. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మగత, అంతే, పడుకున్నవాళ్లు లేవరు. కిటికీ తెరిచాం కదా అంటే చాలదు. ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, నాలుగువైపులా గాలాడే రేకుల కింద, పొగగొట్టం ఇళ్లవైపు చూడకుండా పెట్టండి. అంత చోటు లేని ఫ్లాటు వాళ్లకు మా సలహా ఒక్కటే. ఆ సెట్టు అమ్మేసి ఇన్వర్టరు పెట్టుకోండి. సెల్లారులో పెద్ద సెట్టు ఉన్నవాళ్లు మాత్రం నీళ్లు అక్కడిదాకా వస్తే ఏంటన్నది ఇప్పుడే చూసుకోవాలి. నడుమెత్తు దిమ్మ కట్టించడం తుఫాను హెచ్చరిక వచ్చాక అయ్యే పని కాదు.

టెస్టుకి ముందు ట్యాంకులో డీజిల్ ఎంతుందో గీత పెట్టుకోండి, తర్వాత చూడండి. గంటకి ఎంత తాగుతుందో తేలితే మూడు రోజులకి ఎంత కావాలో మీకే తెలుస్తుంది. కరెంటు లేకపోతే బంకులో పంపు కూడా తిరగదు, తిరిగే బంకు ముందు క్యూ ఎంతుంటుందో హుద్‌హుద్ వారం చూసినవాళ్లని అడగండి. వేడి ఇంజనులో మాత్రం ఇంధనం పోయకండి.

ఆదివారం వీధి చివర వేపచెట్టు కింద ఇద్దరు మెకానిక్కులు ఉంటారు, మాట్లాడి పెట్టాం. ఫిల్టర్లు, బెల్టులు తెస్తారు. సామాను డబ్బులు ఎవరివి వాళ్లవే. గేజి తుడవడానికి పాతగుడ్డ తెచ్చుకోండి. పదిన్నర దాటాక మెయిన్ ఎత్తుకోవచ్చు.

ఇట్లు,
ఆనాడు నాలుగో అంతస్తుకి బక్కెట్లు మోసినవాళ్లు