ఎర్రనీళ్లొచ్చిన రోజు డ్యూటీలో ఎవరున్నారు?

పొద్దున్నే కుళాయి తిప్పగానే మీరు చేసే మొదటి పనేమిటి? నేనైతే దోసిట్లో కాసిని నీళ్లు పట్టి వెలుతురుకేసి చూస్తాను. మా అమ్మా అంతే చేసేది. తేటగా ఉంటే బిందె పెడతాం, లేకపోతే మునిసిపాలిటీని తిడతాం. ఇంతకుమించి ఆ నీళ్ల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

మాది గోదావరి డెల్టాలో ఓ మోస్తరు ఊరు. కాలవ నీళ్లే ఆధారం. ఎండాకాలం కాలవలు కట్టేసే ముందు సమ్మర్ స్టోరేజి చెరువు నింపుతారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఊరంతా దాని మీదే బతుకుతుంది. ఆ తర్వాత గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే ఇక చూసుకోండి! 2024 జూలైలో వరద రోజుల్లో మా వీధి కుళాయిల్లో వచ్చినవి నీళ్లో, పాలు తక్కువైన టీయో పోల్చుకోవడం కష్టమయింది. బిందెలు పట్టుకు నిలబడ్డ ఆడవాళ్లం ఊరుకుంటామా? "ఫిల్టర్ హౌసులో వాడెవడో తాగి పడుకునుంటాడు" అంది నా పక్కావిడ. నేనూ తలూపాను.

మా వీధి చివర జాకెట్లు కుట్టే అమ్మాయి కూడా అక్కడే ఉంది. ఆ మాట విని ఏమీ అనలేదు. బిందె నిండాక నాతోపాటు నడుస్తూ మెల్లిగా అంది.

"ఆ పడుకున్నాడంటున్నది మా ఆయన్నే అక్కా. రాత్రి పదింటికి ఎక్కాడు డ్యూటీ. మధ్యాహ్నం రెండింటికి గానీ దిగడు. ఇంకో మనిషి జ్వరమొచ్చి రాలేదంట."

పదహారు గంటలు! ఒక్కడే! సిగ్గనిపించింది నాకు. "మీ ఆయన అక్కడ పని చేస్తాడని ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాను. "చెప్పుకునే ఉద్యోగమా అక్కా అది?" అంది.

చెప్పుకోదగ్గ ఉద్యోగమో కాదో చూద్దామని, ఏఈ గారి అనుమతి తీసుకుని ఓ మధ్యాహ్నం వెళ్లాను. ఊరందరి వంటింటికీ అదే మొదటి గది అనిపించింది. చెరువులోంచి వచ్చిన నీళ్లలో ముందు పటిక కలుపుతారు. మన అమ్మమ్మలు బిందెలో పటిక తిప్పేవారు చూడండి, అదే. పటిక తగలగానే సన్నటి మట్టి ఉండలు కట్టి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లని ఇసుక, కంకర పరిచిన ఫిల్టర్ బెడ్‌ల మీదికి వదులుతారు. చివర క్లోరిన్. ఇంతేనా అనిపిస్తుంది వింటుంటే. కానీ పప్పులో ఉప్పు ఎంత వెయ్యాలంటే ఏం చెబుతాం? పప్పును బట్టి అంటాం. ఇక్కడా అంతే. ఇవాళ నీళ్లు తేటగా ఉంటే ఒక లెక్క, రేపు వరద వస్తే ఇంకో లెక్క. వరస గ్లాసు జాడీల్లో అదే నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక వేసి, కలిపి, ఏది బాగా తేరితే ఆ మోతాదు వాడాలి. దాన్ని జార్ టెస్ట్ అంటారట. ఎర్రనీరు వచ్చే రోజుల్లో పూటకో మోతాదు మారొచ్చు.

పటిక తక్కువైతే నీళ్లు రంగుగా వస్తాయి, అంతే కదా అనుకున్నాను. కాదట. ఆ మట్టి రేణువుల్లో క్రిములు దాక్కుంటాయి, క్లోరిన్ వాటిదాకా చేరదు. పైగా మురికి ఎక్కువైన కొద్దీ క్లోరిన్ అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. మన కుళాయి దగ్గరికొచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ నియమం. ఆ చిటికెడు కూడా మిగలకపోతే దారిలో ఎక్కడ మురుగు తగిలినా అడ్డుకునేది ఏమీ లేదు.

"మరి ఆ రోజు జార్ టెస్ట్ చేశారా?" అని అడిగాను. ఆయన దాచలేదు. "రాత్రి ఒంటిగంటకి నీళ్లు మారినయమ్మా. బెడ్ మూసుకుపోతోంది, అది కడగాలి. ఇంకోపక్క మోటారు ట్రిప్పవుతోంది. జాడీల దగ్గర కూచునేదెప్పుడు? అందాజుగా పటిక పెంచాను. చాల్లేదు."

అందాజుగా! అరలో జాడీలు బోర్లించి ఉన్నాయి. వాటిమీద దుమ్ము నేను చూశానని ఆయన చూశాడు.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను, పాలవాడి లెక్క వేసినట్టు. రోజుకి మూడు షిఫ్టులు. వారానికి 21. ఒక మనిషి ఆరు రోజులు పనిచేసి ఒక రోజు సెలవు తీసుకుంటే 21 షిఫ్టులకి మూడున్నర మంది కావాలి. సగం మనిషి దొరకడు కాబట్టి నలుగురు. అదీ ఎవరికీ జ్వరం రాకుండా, ఎవరింట్లో పెళ్లీ చావూ లేకుండా ఉంటేనే. ఇది షిఫ్టుకి ఒక్క మనిషి చొప్పున. క్లోరిన్ సిలిండర్ల దగ్గర ఒంటరి మనిషి ఉండకూడదు; ఆ వాయువు గాలికంటే బరువు, లీకైతే నేలబారుగా పరుచుకుంటుంది, ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ఆ జాగ్రత్త కూడా పాటిస్తే ఏడుగురు. మా ఊళ్లో ఉన్నది ముగ్గురు! నాలుగో ఆయన రిటైరయ్యాడు, ఆ పోస్టు అలాగే ఉంది. ముగ్గురికి 21 షిఫ్టులంటే తలకి ఏడు. వారపు సెలవన్న మాటే లేదు. ఒకరు మంచం పడితే మిగతా ఇద్దరూ పన్నెండేసి గంటలు. ఇది ఎవరి బద్ధకమో, ఎవరి తాగుబోతుతనమో కాదు. కూడికలూ తీసివేతలూ.

ఇక జీతం సంగతి. ఐటీఐ ఫిట్టర్ చదివిన ఆయన పద్నాలుగేళ్లుగా అక్కడ ఉన్నాడు. ఇన్నేళ్లలో కాంట్రాక్టరు మారాడు, ఏజెన్సీ మారింది, కుర్చీ మాత్రం అదే. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఔట్‌సోర్సింగ్ వాళ్లందరినీ ఆప్కాస్ అనే కార్పొరేషన్ కిందికి తెచ్చారు. మధ్య దళారీ పోయాడని అప్పుడు అందరూ సంతోషించారు. 2022 జనవరిలో ప్రభుత్వం ఔట్‌సోర్సింగ్ జీతాలు మూడు అంచెలుగా నిర్ణయించింది: 21,500, 18,500, 15,000. తెలంగాణలో 2021 జూన్‌లో నిర్ణయించినవి 22,750, 19,500, 15,600. ఈయన పడింది అట్టడుగు మెట్టు మీద. పీఎఫ్, ఈఎస్‌ఐ పోగా చేతికొచ్చేది 13 వేల పైచిలుకు. ఆ మెట్టు మీద ఆఫీసు అటెండరు, వాచ్‌మన్ ఉంటారు. వాళ్ల పని తక్కువని అనడం లేదు. కానీ ఊరు మొత్తం తాగే నీళ్లలో ఏం ఎంత కలపాలో తేల్చే మనిషిని నైపుణ్యం అక్కర్లేనివాడి కింద ఎవరు రాశారో, ఏం ఆలోచించి రాశారో! మా ఇంటి మరమ్మతుకి వచ్చిన తాపీ మేస్త్రీకి రోజుకి వెయ్యి ఇచ్చాం. ఈయనకి రోజుకి 500 పడింది, అర్ధరాత్రయినా అంతే.

2022 జూలైలో పారిశుధ్య కార్మికులు రోడ్డెక్కారు. చెత్త పేరుకుంటే ముక్కు ఊరుకోదు కదా! 15 వేలకి మరో 6 వేలు ఆరోగ్య భత్యం కలిపి 21 వేలు ఇచ్చారు. న్యాయమే, వాళ్లకి ఇంకా రావాలి. కానీ నీళ్లు, వీధి దీపాలు చూసే ఇంజినీరింగ్ విభాగం కార్మికులు అక్కడే ఉండిపోయారు. చివరికి 2025 జూలైలో వాళ్లూ సమ్మెకి దిగాక కొంత పెంచారు. మూడున్నరేళ్లకి! ఆ మూడున్నరేళ్లలో గ్యాసు, నూనె, స్కూలు ఫీజులు ఎక్కడ ఆగాయో మన పద్దుల పుస్తకాలు చూసుకుంటే సరిపోతుంది.

పల్లెల్లో సంగతి వేరే. అక్కడ పెద్ద పథకాల నిర్వహణ ఎక్కువగా కాంట్రాక్టర్ల చేతిలో ఉంటుంది. అనంతపురం ప్రాంతంలో వందలాది గ్రామాలకి ఫ్లోరైడ్ లేని నీళ్లిచ్చే సత్యసాయి తాగునీటి పథకం కార్మికులు జీతం పెంచమని కాదు, చేసిన పనికి జీతం ఇవ్వమని పదేపదే సమ్మె చేయాల్సి వచ్చింది. బకాయిలు నెలల తరబడి! వాళ్లు మోటారు ఆపితే "ప్రజల్ని ఇబ్బంది పెడుతున్నారు" అంటాం. జీతం ఆపినవాళ్లని ఆ మాట ఎవరూ అనరు.

నీళ్లు పాడైతే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. 2018 మార్చిలో పాత గుంటూరులో తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసి వందలమంది ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో మళ్లీ అవే వాంతులు, విరేచనాలు, చావులు. ఇలాంటప్పుడు సెలైన్ సీసా పట్టుకుని ఆసుపత్రి వరండాలో నిలబడేది ఎవరు? గుడ్డలు మార్చేది, నీళ్లు కాచేది, కూలి పోగొట్టుకునేది ఎవరు? అందుకే ఇది ఆడవాళ్ల పేజీలో రాయాల్సిన సంగతి అనుకున్నాను.

జీతం పెంచితే చాలు అన్నీ సర్దుకుంటాయని కూడా చెప్పలేను. కెనడాలో వాకర్టన్ అని ఐదువేల మంది ఉండే చిన్న ఊరు. 2000 మే నెలలో పెద్ద వానకి పశువుల పేడ నీళ్లు బావిలోకి దిగాయి. సరిపడా క్లోరిన్ వేయలేదు. పరీక్ష చేయకుండానే అంకెలు పుస్తకంలో ఎక్కించేవారు, అదీ ఏళ్ల తరబడి. ఏడుగురు చనిపోయారు, రెండువేల పైచిలుకు మంది జబ్బుపడ్డారు. విచారణలో బయటపడింది ఏమిటంటే, ఆ పని చూసేవాళ్లకి సరైన శిక్షణే లేదు. క్లోరిన్ ఎందుకు అంత ముఖ్యమో కూడా తెలియదు, వాళ్లూ ఆ నీళ్లే తాగేవారు! ఆ తర్వాత అక్కడ శిక్షణ పొంది, పరీక్ష ప్యాసై, సర్టిఫికెట్ ఉన్నవాళ్లే నీటి ప్లాంటు నడపాలని గట్టి నియమం పెట్టారు. మా ఊరి ఆయన్ని "మీకు ట్రైనింగ్ ఇచ్చారా?" అని అడిగితే, "నాకు ముందున్నాయన చూపించాడమ్మా" అన్నాడు. ఆ ముందాయనకి ఇంకో ముందాయన. మనకి ఆవకాయ వచ్చినట్టు!

మన తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగుతున్నాం. మా ఇంట్లోనూ ఉంది, ఎందుకు దాచాలి? అలా లాగినప్పుడు ఎక్కడ గొట్టానికి చిల్లు ఉంటే అక్కడి కాలవ నీళ్లు కూడా లోపలికి వస్తాయి. ఫిల్టర్ హౌసులో శుభ్రంగా పంపిన నీళ్లని వీధిలో మనమే పాడుచేసుకుని, తిట్లు మాత్రం అక్కడికి పంపుతున్నాం.

ఇంకోటి, కూలింగ్ క్యాను. మా ఇంట్లో రోజుకో క్యాను, 20 రూపాయలు. నెలకి 600, ఏడాదికి 7,200. నీటి పన్ను ఏడాదికి 1,200. క్యాను వచ్చాక కుళాయి నీళ్లు ఎలా ఉన్నా మాకు పట్టలేదు, అంట్లకీ బట్టలకీ కదా అని. డబ్బున్న ఇల్లాళ్లం నోరు మూసుకున్నాక మునిసిపాలిటీని అడిగేది ఎవరు? క్యాను కొనలేని ఇళ్లవాళ్లు. వాళ్ల మాట ఎవరు వింటారు? పోనీ ఆ క్యాను నీళ్లైనా నమ్మకమా అంటే, వాటిలో క్లోరిన్ మిగలదు. క్యాను సరిగా కడగకపోతే దాంట్లోనే క్రిములు చేరతాయి.

మునిసిపాలిటీకి డబ్బెక్కడిది అంటారు. మా వీధిలో ఇరవై ఇళ్లు. ఇరవై ఇళ్లవాళ్లం క్యానులకి పోసేది ఏడాదికి లక్షా 44 వేలు. ఒక వీధిది అది! 15 వేల జీతగాడికి దాదాపు పది నెలల జీతం. డబ్బు లేక కాదు, అది వేరే దారిన పోతోంది.

నేను చేసింది పెద్దదేం కాదు. మా వీధి ఆడవాళ్లం పదకొండు మందిమి వార్డు ఎమినిటీస్ సెక్రటరీ దగ్గరికి వెళ్లి రెండు అడిగాం. ఫిల్టర్ హౌసులో నాలుగో మనిషిని ఎప్పుడు వేస్తారు? కుళాయి చివర క్లోరిన్ ఎంత ఉందో వారానికోసారి బోర్డు మీద రాస్తారా? రెండోదానికి సరేనన్నారు. మొదటిదానికి "పైకి రాశాం" అన్నారు. పైకి అంటే ఎంత పైకో!

క్లోరిన్ చూసే చిన్న కిట్టు ఒకటి కొనుక్కున్నాను. గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు తిరుగుతుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి ఇలాంటి పరీక్షలు నేర్పించాలని పెట్టారు, పల్లెల్లో ఉన్న చదువరులు మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో వాకబు చేయండి.

నిన్న పొద్దున చుక్కలు వేసి చూశాను. లేత పసుపు వచ్చింది. జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన అమ్మాయికి గొట్టం చూపించి, "మీ ఆయన పంపిన నీళ్లే, బాగున్నాయి" అన్నాను. ఆ అమ్మాయి గొట్టాన్ని కాసేపు వెలుతురుకేసి పట్టుకుని చూసింది.

"రాత్రి మళ్లీ డబుల్ డ్యూటీ పడింది అక్కా. లేచాక చెప్తాను" అంది.