సెత్త కాలేజీలో నాకు పని ఉంది

పోయిన నెల మా బడిలో పదో తరగతి వాళ్ళకు పై చదువుల గురించి ఒక మీటింగు పెట్టారు. బయటినుంచి వచ్చిన ఒక సారు బోర్డు మీద నిలువుగా గీతలు గీసి డాక్టరు, ఇంజనీరు, బ్యాంకు అని మూడు పేర్లు రాశారు. తర్వాత ఒక్కొక్కరినీ లేపి "నువ్వేమవుతావు?" అని అడిగి, ఏ పేరు చెబితే ఆ పేరు కింద ఒక గీత పెట్టుకుంటూ పోయినారు. నా వంతు వచ్చింది. "మ్యూజియంలో వస్తువుల్ని చూడవచ్చిన వాళ్ళకు అర్థమయ్యేటట్టు అమర్చే పని చేస్తాను సార్. దాన్ని ఎగ్జిబిషన్ డిజైన్ అంటారు" అన్నాను. ఆయన కాసేపు నన్నే చూసి, "మ్యూజియంలోనా? వాచ్‌మన్ పనా అమ్మా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలో ఎవరో "సెత్త కాలేజీ!" అని అరిచారు. మళ్ళీ నవ్వులు. మా టీచర్లూ నవ్వారు. నా గీత ఏ పేరు కిందా పడలేదు.

అప్పుడు నాకు నోరు పెగల్లేదు. ఇంటికి పోయి అన్నం తింటా ఉంటే జవాబులన్నీ ఒకటి తర్వాత ఒకటి తోచినాయి. ఆ సారు ఈ పత్రిక చదువుతారో లేదో గాని, నవ్విన వాళ్ళందరూ చదువుతారు. అందుకని ఇక్కడే రాస్తున్నాను.

ముందు ఆ 'సెత్త కాలేజీ' సంగతి చెప్తాను. ఎగ్మూరు మ్యూజియాన్ని మద్రాసు పాతవాళ్ళు తమిళంలో అట్లా అనేవాళ్ళు. చచ్చిన కాలేజీ అని అర్థం. జంతువులుండే జూకి ఉయిర్ కాలేజీ, అంటే ప్రాణమున్న కాలేజీ అని పేరు. నేను చిన్నప్పుడు ఈ మాటను తెలుగు చెవితో విని, 'చెత్త కాలేజీ' అనుకునేదాన్ని. నవ్విన వాళ్ళలో సగం మంది ఇప్పటికీ అట్లాగే అనుకుంటూ ఉంటారని నా అనుమానం.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ మ్యూజియం 1851లో మొదలైంది. మొదట దాన్ని చూసుకున్నాయన ఎడ్వర్డ్ బాల్ఫోర్. ఆయన డాక్టరు! బోర్డు మీద మొదటి పేరు కింద గీత పడవలసిన మనిషి వచ్చి మ్యూజియంలో కూర్చున్నాడు. మ్యూజియంలో బతికున్న జంతువుల్ని పెడితే జనం ఎగబడి వస్తున్నారని ఆయన కనిపెట్టాడు. అందుకని 1855లో ఆ ఆవరణలోనే జూ మొదలుపెట్టించాడు. అంటే చచ్చిన కాలేజీ, ప్రాణమున్న కాలేజీ రెండూ ఒకప్పుడు ఒకే తోటలో ఉండినవే. జనం ఎందుకు వస్తారు, ఎక్కడ నిలబడతారు, దేన్ని చూసి ముందుకు పోకుండా ఆగిపోతారు అని ఆలోచించడమే నేను చెప్పిన పని. నూటడెబ్బై ఏళ్ళ కిందట మన ఊళ్ళోనే ఒకాయన దాన్ని చేసి చూపించాడు.

కాబట్టి సెత్త కాలేజీ అనే పేరును నేను తిట్టుగా తీసుకోను. అది జనం రాసిపెట్టిన ఫిర్యాదు. "ఇక్కడ ఉన్నవి మాతో మాట్లాడటం లేదు" అని వాళ్ళంటున్నారు. ఫిర్యాదు వస్తే ఏం చెయ్యాలి? సరిచేసే మనిషిని పెట్టాలి. ఆ మనిషిని నేనవుతానంటే నవ్వుతారేమి?

ఇంకో ఊళ్ళో ఒక మ్యూజియానికి మమ్మల్ని తీసుకుపోయినారు. పేరెందుకు లెండి. ఒక గాజు పెట్టెలో చిన్న నాణెం ఉంది. పక్కన చీటీ మీద 'నాణెం, రాగి, శాతవాహన కాలం' అని ఉంది. ఆ చీటీ నా తలకంటే ఎత్తులో ఉంది. పైన ట్యూబులైటు నేరుగా గాజు మీద పడి, గాజులో నా మొహమే నాకు కనపడింది. నలభైమంది పిల్లలం ఒకరి వెనక ఒకరం నడిచి పది నిమిషాల్లో బయటపడినాము. తర్వాత అందరం ఐస్ తిన్నాము. మా బ్యాచీలో ఎవర్నైనా అడగండి, ఐస్ గుర్తుంటుంది, నాణెం గుర్తుండదు.

అందులో నాణెం తప్పేముంది? మా తప్పు మాత్రం ఏముంది? ఆ నాణేన్ని నా కంటి ఎత్తుకు దించి, లైటును పక్కకు తిప్పి, ముందర ఒక భూతద్దం పెట్టి, 'దీని మీద ఉన్న జంతువు ఏదో కనిపెట్టు' అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఎట్లా ఉండేది? నలభైమందిమీ అక్కడ కొట్టుకునేవాళ్ళం. ఖర్చు ఎంతని? ఒక భూతద్దం, ఒక స్క్రూడ్రైవరు. కొరత పడింది డబ్బు కాదు, ఆలోచించే మనిషి.

మా మామ పెళ్ళికి హైదరాబాదు పోయినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం చూశాను. అక్కడ ఒక కొయ్య బొమ్మ ఉంది. ఒక పక్క గర్వంగా నిలబడిన మగవాడు, మెఫిస్టాఫిలిస్. దాని వీపు వైపు తల వంచుకున్న ఆడపిల్ల, మార్గరెటా. ఒకే కొయ్యలో ఇద్దరు. ఆ బొమ్మ వెనక ఒక అద్దం పెట్టారు, అంతే. ముందర మగవాణ్ణి చూస్తూ ఉంటే అద్దంలో ఆడపిల్ల కనిపిస్తుంది. అద్దం లేకపోతే జనం ముందునుంచి ఒకసారి చూసి పోతారు, ఆ బొమ్మ గొప్పతనం సగం తెలియకుండా పోతుంది. చెక్కినవాడి పేరు అందరూ అడుగుతారు, అద్దం పెట్టినవాడి పేరు ఎవరూ అడగరు. అక్కడే గడియారం దగ్గర గంట కొట్టే వేళకు జనం ముందుగానే వచ్చి కాచుకొని ఉంటారు. గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. దానికోసం మా అవ్వ మోకాళ్ళ నొప్పితో అంతసేపు కూర్చుంది. చచ్చిన కాలేజీలో ఎవరైనా అట్లా కూర్చుంటారా?

ఇక మన సంగతికి వస్తాను. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపం ఉండేది. వాల్టర్ ఇలియట్ అనే దొర 1845లో తవ్వించిన రాళ్ళు మద్రాసుకు వచ్చినాయి. వాటిలో నూరుకు పైగా 1859లో లండనుకు పోయినాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవి చాలా వరకు ఎగ్మూరులో ఉన్నాయి. అంటే తెలుగు నేల మీద చెక్కిన రాళ్ళు, తెలుగు మాట్లాడే మనమూ ఒకే ఊళ్ళో కాపురం ఉన్నాము. అమరావతి రాతిపలక మీద 'నాగబు' అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గుర్తించారు, మనకు దొరికిన తొలి తెలుగు మాటల్లో అదొకటని తెలుగు పండితులు చెప్తారు. ఇది మన తెలుగు మిస్ చెప్పగా విన్నదే. విన్నాక మనలో ఎంతమంది ఆ రాళ్ళను చూడటానికి పోయినారు?

ఒక్కసారి ఆలోచించండి. స్తూపం గుండ్రంగా, కొండంత ఎత్తున ఉండేది. రాళ్ళేమో విడివిడి పలకలు. ఈ పలక ఎక్కడిది, ఆ పలక ఎక్కడిది, భక్తులు ఏ పక్కనుంచి తిరిగేవాళ్ళు, ఇవన్నీ పదేళ్ళ పిల్లకు ఎట్లా చెప్పాలి? పెద్ద పుస్తకం ఇచ్చి చదవమంటే అయ్యే పని కాదు. కాని ఆ శిల్పులు మనకంటే తెలివైనవాళ్ళు. స్తూపం మొత్తం ఎట్లా ఉండేదో స్తూపం పలకల మీదే చెక్కి పెట్టారు. గుమ్మటం, చుట్టూ కంచె, వాకిలి దగ్గర సింహాలు, పైన ఎగిరే దేవతలు అన్నీ ఒక్క పలకలో ఉన్నాయి. నాకు ఆ పని అప్పజెబితే అటువంటి పలకను అన్నిటికంటే ముందు పెడతాను. నేల మీద ఒక గుండ్రని గీత గీయిస్తాను. పిల్లలు ఆ గీత మీద నడుస్తూ, చేతిలో ఉన్న బొమ్మకాగితంలో ఏ రాయి ఎక్కడిదో వెతుక్కోవాలి. తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో మూడు వరుసలు రాయిస్తాను, మూడింటికి మించకుండా. ఇది కల అంటారా? సరే, కలే. ఇంజనీరు కావాలనేది మాత్రం కల కాకపోతే ఏమిటి?

ఇప్పుడు పెద్దవాళ్ళ అభ్యంతరాలు. మా నాయన మొదటి మాట, "దానికి చదువెక్కడుంది?" ఉంది. అహమ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1961లో పెట్టారు. అక్కడ ఎగ్జిబిషన్ డిజైన్ అని విడిగా చదువే ఉంది. 12వ తరగతిలో ఏ గ్రూపు చదివినవాళ్ళైనా ప్రవేశపరీక్ష రాయవచ్చు. ఈ మాట ఆ మీటింగులో చెప్పి ఉంటే, లెక్కలంటే వణికి చచ్చే మా నేస్తం ఒకతి ఆ రాత్రి ఏడ్చేది కాదు. బరోడా విశ్వవిద్యాలయంలో మ్యూజియాల చదువు 1952 నుంచీ ఉంది. కలకత్తా కేంద్రంగా 1978లో ఏర్పడిన నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ వాళ్ళు సైన్సు నమూనాలు తయారుచేయించి దేశమంతా పెడతారు. తిరుపతికి పోయినప్పుడు మనలో చాలామంది చూసిన సైన్స్ సెంటరు వాళ్ళదే.

అహమ్మదాబాదు బడి పుట్టుక గురించి చదివితే నాకు భలే సంతోషం వేసింది. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు 1958లో మన దేశం తిరిగి ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. అందులో అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకున్నది దేన్నో తెలుసా? చెంబును! నీళ్ళు ఎన్ని పడతాయి, నెత్తిన పెట్టుకుంటే ఎట్లా నిలుస్తుంది, వంచితే నీళ్ళు ఎట్లా పడతాయి, ఖాళీగా ఉంటే బరువెంత, నిండితే బరువెంత, ఇవన్నీ ఆలోచించారు. మనం రోజూ తోమి బోర్లించే చెంబు. చూసే కన్ను ఉంటే వంటిల్లే మ్యూజియం.

రెండో అభ్యంతరం మా మామది. "ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయి?" తక్కువే. ఒప్పుకుంటాను. ప్రభుత్వ మ్యూజియాల్లో ఖాళీలు ఎప్పుడో గాని పడవు. ప్రవేశపరీక్ష గట్టిది, తెలుగులో ఉండదు, ఫీజూ తక్కువ కాదు. తెలుగు మీడియంలో చదివిన నాకు ఆ ఇంగ్లీషు చూస్తే ఇప్పటినుంచే కడుపులో దడ. ఇవన్నీ దాచి మిమ్మల్ని మభ్యపెట్టను. కాని మామా, ఇంజనీరింగు చదివి మన వీధిలోనే ఖాళీగా ఉన్న అన్నలు ఎంతమందో వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించమంటావా? వాళ్ళను చూసి ఎవరూ "ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయి?" అని అడగలేదే. పైగా ఈ పని ఒక్కడు చేసేది కాదు. వడ్రంగి కావాలి, కరెంటు మనిషి కావాలి, నమూనాలు చేసేవాళ్ళు, చీటీలు రాసేవాళ్ళు, తర్జుమా చేసేవాళ్ళు కావాలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు చదివే మనకంటే మూడు భాషల చీటీ బాగా ఎవరు రాస్తారు? తెలుగు మీడియం అంటే అడ్డంకి అనే చెప్తారు గాని, ఇక్కడ అది చేతిపని.

నాయనా, నీకు ఇంకో మాట. నువ్వు చేసేదేమిటి? నగల అంగళ్ళకు గాజు షోకేసులు కడతావు. "బల్బు వెలుగు నగ మీద పడాల, కొనేవాళ్ళ కంట్లో పడకూడదు" అని కుర్రాళ్ళను కసిరేది నువ్వే కదా. మ్యూజియంలోనూ అదే మాట. తేడా అంతా ఏమిటంటే, అక్కడ పాత గుడ్డ, కాగితం, రంగుల బొమ్మ ఉంటే వెలుగు బాగా తగ్గించాలి. యాభై లక్సులు మించకూడదని లెక్క ఉంది, లేకపోతే రంగు వెలిసిపోతుంది. అవ్వ తన పెళ్ళిచీరను నీడలో ఆరవేసేది ఎందుకనుకున్నావు?

అవ్వ అంటే గుర్తొచ్చింది. నవరాత్రికి మా ఇంట్లో బొమ్మల కొలువు అవ్వే పెడుతుంది. మెట్లు తొమ్మిది. పై మెట్టు మీద పెద్ద బొమ్మలు, మరపాచ్చి బొమ్మలకు కొత్త బట్టలు, కింద ఇసుకలో చిన్న ఊరు, చెరువు, సంత. ఆ ఊరు మాత్రం ఎందుకు కింద అని అడిగితే, "చిన్నబిడ్డలు నేల మీద కూర్చుంటారు కదే, వాళ్ళ కంటికి అందాల" అనింది. మ్యూజియంలో నాణెం చీటీ నా తలకంటే ఎత్తులో పెట్టినాయన మా అవ్వ దగ్గర ఒక నవరాత్రి పనిచేసి ఉండాల్సింది.

ఆఖరి అభ్యంతరం నేనే చెప్పుకోవాలి, ఎందుకంటే మన బడిది. ఏడాదికొకసారి మనం కూడా ఎగ్జిబిషన్ పెడతాము. పుస్తకంలోంచి దించిన చార్టులు, థర్మోకోల్ అగ్నిపర్వతం, పక్కన నిలబడి బట్టీ పట్టినది ఒక్క ఊపిరిలో అప్పజెప్పే మనం. అమ్మానాన్నలు తమ పిల్ల నిలబడిన బల్ల దగ్గర ఫోటో తీసుకొని పోతారు. పక్క బల్ల చూడరు. మనమే చిన్న సెత్త కాలేజీ నడుపుతూ ఉన్నాము. దానికి మార్కులూ వేస్తున్నారు.

హెడ్‌మాస్టరు గారికి ఒక మనవి. ఆఫీసు బయట వరండాలో ఒక గాజు బీరువా ఉంది. లోపల పాత షీల్డులు, ఒక విరిగిన గ్లోబు, ఎప్పటిదో చేతిరాత హాజరుపట్టీ, దుమ్ము. ఆ హాజరుపట్టీలో మా తాత పేరు ఉందని అవ్వ అంటుంది. ఆ బీరువా తాళంచెవి నాకు ఒక నెల ఇప్పించండి. నలుగురు నేస్తాలు సాయం వస్తామన్నారు, అందులో ఒకడు వెనక బెంచీ నుంచి అరిచినవాడు. లైటు నాయన ఇస్తానన్నాడు, డబ్బులు వద్దన్నాడు. చీటీలు నేను రాస్తాను, చిన్న తరగతి పిల్లల కంటికి అందే ఎత్తులో.