ఒక నడుము - రెండు నొప్పులు

మన భిలాయి టౌన్‌షిప్‌లో నలుగురు తెలుగువారు కలిసిన చోట, పిల్లల చదువులు, ఊరి ప్రయాణములు అయిన తరువాత వచ్చు ప్రసంగము నడుమునొప్పి. క్రేను క్యాబినులో గంటల తరబడి వంగి క్రిందికి చూచువారు, దల్లీ-రాజహరా గనులలో డంపరు నడుపువారు, ఇంటిలో బియ్యపు బస్తా జరుపు గృహిణులు - ఈ బాధ ఎరుగనివారు అరుదు. ఎవరికి నొప్పి వచ్చినను "డిస్కు జరిగియుండును, నాలుగు రోజులు పడుకోండి" అను ఒకే సలహా లభించును. ఆ సలహా అందరికీ చెల్లదని మేము మా దేహముతోనే నేర్చుకున్నాము. మేము వైద్యులము కాము, ఇంజనీరులము. అయినను మా అనుభవము కొందరికైనను ఉపకరించునని ఈ విషయమును ఎత్తుకొనుచున్నాము.

మిల్లులో అలైన్‌మెంటు తప్పినను మోటారు అదరును, బేరింగు అరిగినను అదరును. బయటకు రెండును ఒకే తీరు, మరమ్మతు వేరు. ఒక్కొక్కప్పుడు రెండు లోపములును ఒకే యంత్రములో ఉండును. ఒకటి దొరికినది గదా యని రెండవదానిని మరచినచో బ్రేక్‌డౌన్ తప్పదు. మా నడుము సంగతియు ఇదే.

మా 27వ ఏట తెల్లవారుజామున మూడు గంటలకు నడుము బిగిసి మెలకువ వచ్చుట మొదలైనది. లేచి పది అడుగులు నడచిన గాని సడలదు. సి షిఫ్టులో తిరుగాడినప్పుడు సుఖము. సెలవు దినమున పడుకొనియున్నచో బాధ. ఒక వైద్యుడు డిస్కు అని, విశ్రాంతి తీసుకొమ్మనెను. విశ్రాంతితో నొప్పి పెరిగినది. ఐదేండ్ల తరువాత కన్ను ఎఱ్ఱబడి కంటి వైద్యుని వద్దకు పోగా, ఆయన "మీకు ఉదయము నడుము పట్టుకొనునా?" అని అడిగెను. అప్పుడు తీసిన ఎక్స్-రేలో కటి కీళ్లలో మార్పు కనబడినది. వ్యాధి పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. దేహమును కాపాడవలసిన రక్షణ వ్యవస్థయే వెన్నెముక కీళ్లపై తిరుగబడు వ్యాధి ఇది. హెచ్.ఎల్.ఎ.-బి27 అను జన్యు లక్షణముతో దీనికి గల సంబంధము 1973లో వెల్లడియైనది. నేడు ఎం.ఆర్.ఐ. వలన, ఎక్స్-రేలో మార్పు రాకముందే దీనిని గుర్తింపవచ్చును.

మందులు, నిత్య వ్యాయామముతో ఇరువది ఏండ్లు నెట్టుకొని వచ్చితిమి. 52వ ఏట ఒకనాడు గ్యాస్ సిలిండరు జరుపగా, పిరుదు నుండి కాలి బొటనవ్రేలి దాకా మంటవలె ఒక నొప్పి పరుగెత్తినది. "పాత చుట్టమే" అనుకొని పాత మాత్రలనే మింగుచు మూడు వారములు గడిపితిమి. చివరకు మా శ్రీమతి, "ఏమండీ, కుడికాలి చెప్పు ఈడుస్తున్నారేమిటి?" అన్నది. ఈసారి నిజముగనే డిస్కు! నాల్గవ, ఐదవ నడుము పూసల నడుమ జరిగిన డిస్కు నరమును నొక్కినది. బలము చాలవరకు తిరిగి వచ్చినది గాని, ఆ బొటనవ్రేలు నేటికిని పూర్తిగా పైకి లేవదు. మొదటిసారి తెలియక, రెండవసారి తెలుసునను ధీమాతో పొరబడితిమి.

కావున మిత్రులు ఈ భేదమును గమనింపవలెను. నలుబది ఐదేండ్ల లోపు మెల్లమెల్లగా మొదలై, మూడు నెలలు దాటి, ఉదయము అరగంటకు పైగా బిగుతు ఉండి, కదలికతో తగ్గి విశ్రాంతితో పెరుగు నొప్పిని కీళ్లవాత నిపుణునికి చూపవలెను. మోకాలి క్రిందికి జారి, దగ్గినప్పుడు జివ్వుమనునది సయాటికా. ఇది చాలమందికి కొన్ని వారములలో శస్త్రచికిత్స లేకయే నెమ్మదించును; దీనికిని దీర్ఘకాలము మంచము పట్టుట మంచిది కాదు. పాదము వ్రేలాడుట, కూర్చుండు చోట తిమ్మిరి, మలమూత్రములపై అదుపు తప్పుట - వీనిలో ఏది కనబడినను తెల్లవారు దాకా ఆగక సెక్టారు-9 ఆసుపత్రికి పోవలెను.

ఇట్టి వ్యాధులకు మందులు వాడువారికి మరికొన్ని మాటలు. దీర్ఘకాలము స్టెరాయిడు వాడినచో ఎముకలు గుల్లబారి పూస నలుగవచ్చును. అయినను దానిని ఒక్కసారిగా మానరాదు. మెథోట్రెక్సేట్ మాత్రను కీళ్లవాతమునకు వారమునకు ఒకసారియే వాడుదురు. ప్రతిదినము మింగుట ప్రాణాపాయము. రక్షణ శక్తిని తగ్గించు మందులు వాడువారికి జ్వరముతో, బరువు తగ్గుటతో కొత్త నడుమునొప్పి వచ్చినచో వెన్నెముక క్షయ కాదని నిర్ధారించుకొనవలెను. నొప్పిమాత్రలను రెట్టింపు చేసుకొనుట మూత్రపిండములకు, కడుపునకు చేటు.

సెలవులకు శ్రీకాకుళము, విజయనగరము వైపు పోయినప్పుడు నడుము త్రొక్కించుకొను అలవాటు మనవారిలో కొందరికి గలదు. బిగిసిపోయిన వెన్నెముక వెదురు వలె పెళుసు. బలవంతముగా విరిచినచో విరుగును. ఆ సాహసము వలదు.

నేటికిని మేము ఉదయము అరగంట వ్యాయామము చేసి గాని కాఫీ ముట్టము. కొత్త నొప్పి వచ్చిన రోజున మాత్రము పాత పేరు పెట్టము; బొటనవ్రేలిని ఎత్తి చూచుకొని, డాక్టరు గారి వద్దకు పోవుదుము.