తోటి పనివారి స్నేహమును విశ్వాసమును

స్నేహమును గూర్చి వ్రాయుమన్నచో మన విద్యార్థులు సాధారణముగా ఒకే బల్లమీద కూర్చుండి చదువుకొను బాలుర చెలిమిని గూర్చి వ్రాయుదురు. అది మధురమైనదే. కాని చదువు ముగించి జీవనోపాధిలో ప్రవేశించిన పిమ్మట వేఱొక స్నేహము మనకు తటస్థించును. దినమునకు ఏడెనిమిది గంటలు ఒకే గదిలో కూర్చుండి, ఒకే హాజరు పుస్తకములో సంతకములు చేయువారి నడుమ కలుగు స్నేహమది. ఆ తోటివారిని మనము కోరి యెన్నుకొనలేదు. పని మనలను ఒకచోట చేర్చినది. అట్టివారు ఏక విశ్వాసము గలవారైనచో వారి స్నేహము ఎట్లుండవలయును? ఈ విషయమున నాకు తోచిన మాటలు చదువరుల యెదుట నుంచుచున్నాను.

అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణమునకు వచ్చినప్పుడు అకుల ప్రిస్కిల్ల యను దంపతుల యింట దిగెను. ముగ్గురి వృత్తియు ఒక్కటే. వారు డేరాలు కుట్టువారు. పగలు సూదియు దారమును పట్టి పనిచేసినవారే పిమ్మట పౌలుకొఱకు ప్రాణమునకైనను తెగించిరని ఆయన రోమీయులకు వ్రాసిన పత్రికవలన తెలియుచున్నది. వారి స్నేహము పనిలో పుట్టి విశ్వాసములో వేరు తన్నినది.

మన దేశములో శ్రీరామపురపు మిషనరీల చరిత్రయు ఇట్టిదే. విలియము కేరీ చెప్పులు కుట్టిన వాడు. జాషువా మార్ష్‌మన్ బడిపంతులు. విలియము వార్డు అచ్చుపనివాడు. వీరు 1800 సంవత్సరములో హుగ్లీ నది యొడ్డున ఒకే కుటుంబమువలె కాపురముండి, ఒకే పంక్తిని భుజించి, తమ సంపాదనలను ఒకే ఖజానాలో వేసిరి. అయినను వారు దేవదూతలు కారు. పలువురు ఒక కప్పు క్రింద నున్నచోట మాటపట్టింపులు రాకుండునా? ఈ సంగతి యెఱిగినవారు గనుక వారు ప్రతి శనివారపు సాయంకాలమును తమలోని మనస్పర్థలు తీర్చుకొనుటకై కేటాయించిరి. ఆదివారపు ఆరాధనకు ముందు సమాధానపడుట వారి నియమము. 1812 మార్చి 11వ తేది రాత్రి వారి అచ్చుకూటము అగ్నికి ఆహుతియై, కాగితములును, అక్షరములును, ఎన్నో సంవత్సరముల వ్రాతప్రతులును నశించెను. అయినను కొద్ది నెలలలోనే అచ్చుకూటము మరల నడువసాగెను. 1814లో కేరీ రచించిన తెలుగు వ్యాకరణము వెలువడెను. 1818లో కళాశాల స్థాపింపబడెను. ఆ కళాశాలలో క్రైస్తవ బాలురకే గాక ఇతర మతముల బాలురకును చోటు కలిగెను. వార్డు 1823లోను, కేరీ 1834లోను, మార్ష్‌మన్ 1837లోను మరణించువఱకు ఆ మువ్వురి పొత్తు చెడలేదు. శనివారపు సాయంకాలములు లేకున్నచో ఆ పొత్తు అంతకాలము నిలిచియుండెడిది కాదని నా నమ్మకము.

ఇక నా స్వానుభవము నొకటి చెప్పుదును. ఉపాధ్యాయ శిక్షణకు పోవుటకు ముందు నేను ఒక కళాశాల కార్యాలయములో రెండేండ్లు గుమాస్తాగా పనిచేసితిని. అక్కడ మేము మువ్వురము క్రైస్తవులము. ప్రతి ఉదయమును తలుపు మూసికొని పది నిమిషములు ప్రార్థించుచుంటిమి. రికార్డుల గదిలో పనిచేయు వృద్ధుడైన సాహెబుగారు ఆ పది నిమిషములు వరండాలో నిలుచుండెడివారు. లోపలికి రమ్మని మేము పిలువలేదు, వారును అడుగలేదు.

ఫీజులు వసూలగు దినములలో ఒకనాటి సాయంకాలము నా చిట్టాకును పెట్టెలోని రొక్కమునకును 180 రూపాయలు తేడా వచ్చెను. రొక్కము తక్కువ. నాకు చెమటలు పట్టెను. చిట్టా సరిచూచి సంతకము చేయవలసినవాడు మా ప్రార్థనలో తోటివాడే. వయస్సున నాకు పెద్ద. నేను అన్నా అని పిలుచువాడను. “అన్నా, నేటికి సంతకము పెట్టుము, రేపు నా చేతి డబ్బు వేసి సరిచేసెదను” అని బ్రతిమాలితిని. ఆయన కలము క్రింద పెట్టి, “తమ్ముడా, లేని రొక్కమును ఉన్నదని నేను వ్రాయలేను. కాని తేడా దొరకువఱకు నీతో కూర్చుందును” అనెను. ఆ క్షణమున నాకు కోపము వచ్చెను. దినదినమును కలిసి ప్రార్థించువాడు ఇంతపాటి సాయము చేయడా యని మనసులో సణిగితిని.

ఇరువురము రశీదుల ప్రతులను ఒక్కొక్కటిగా తిరుగవేయుచుండగా రాత్రి ఎనిమిది గంటలాయెను. తాళములు వేయుటకు వచ్చిన సాహెబుగారు సంగతి విని, “బాబూ, తేడా ఎంత?” అని అడిగిరి. చెప్పితిని. “నూట ఎనుబది తొమ్మిదిచేత భాగింపబడును గదా! అంకెలు తాఱుమాఱు చేసియుందువు. అట్టిదానిని వెదకుము” అనిరి. రెండు అంకెలు స్థానములు మార్చుకొన్నచో కలుగు తేడా ఎల్లప్పుడును తొమ్మిదిచేత నిశ్శేషముగా భాగింపబడును. ఇది లెక్కల పంతులనైన నేను నేడు పిల్లలకు చెప్పు పాఠము. ఆనాడు దానిని నాకు నేర్పినది వారే. పావుగంటలో తప్పు దొరకెను. 680 రూపాయల రశీదును చిట్టాలో 860గా వ్రాసియుంటిని.

ఆ రాత్రి ఇంటికి నడచిపోవుచు రెండు సంగతులు గ్రహించితిని. మొదటిది: సంతకము పెట్టక నాతో కూర్చున్నవాడే నాకు నిజమైన స్నేహితుడు. ఆయన సంతకము పెట్టియుండినచో మఱునాడు నేను నా చేతి డబ్బుతో ఒక అబద్ధమును పూడ్చియుందును. తప్పు తప్పుగానే నిలిచియుండును. ఆ మీద మా యిరువురి ప్రార్థనలో ఒక దాపరికము చేరియుండును. రెండవది: నన్ను గట్టెక్కించిన మాట మేము తలుపు మూసి వెలుపల నిలిపిన మనుష్యుని నోటనుండి వచ్చినది. ఈ రెండవ సంగతి నన్ను మిక్కిలి సిగ్గుపఱచెను. నేను మా తోటివారితో చెప్పగా వారును అట్లే తలంచిరి. నాటినుండి మా ప్రార్థన పని వేళకు ముందే ముగియునట్లు ఏర్పాటు చేసికొంటిమి; తలుపు తెఱచియే యుంచితిమి. పని మొదలగు వేళకు సాహెబుగారితో కలిసి నలుగురమును టీ త్రాగుట మా వాడుకయాయెను.

కొందఱు, కార్యాలయములో విశ్వాసమునకు తావే లేదందురు. నేనొప్పుకొనను. మనుష్యుడు తన మనస్సాక్షిని గొడుగువలె గుమ్మమున విడిచి లోపలికి రాలేడు. నా మిత్రుని కలమును ఆపినది ఆయన విశ్వాసమే. మఱికొందఱు, మనవారినే నమ్మవలెను, మనవారికే ముందు పని చేసిపెట్టవలెనందురు. దీనిని అంతకంటెను ఒప్పుకొనను. కిటికీ యెదుట బదిలీపత్రము కొఱకు నిలిచిన విద్యార్థి ఏ మతమువాడైనను అతని వంతు అతనిదే. మనము ప్రార్థించుచుండగా దూరపు పల్లెనుండి వచ్చిన తండ్రి యెండలో కాచుకొని యుండి బస్సు తప్పించుకొన్నచో, ఆ ప్రార్థన మన సమయములో గాక అతని సమయములో జరిగినదన్నమాట. ఏక విశ్వాసము మనకు గోడ కారాదు, దీపము కావలెను. దీపము గదిలో నున్న అందఱికిని వెలుగిచ్చును గాని కొందఱిని ఏఱుకొనదు.

విద్యార్థులారా, మీలో పలువురు రేపు కచేరీలలోను, బ్యాంకులలోను, ఆసుపత్రులలోను పనికి కుదురుదురు. లెక్కలు నేడు కంప్యూటరులో వ్రాయబడుచున్నను, అంకెలు తాఱుమాఱు చేయు వ్రేళ్లు పాతవే, భయపడు గుండెయు పాతదే. అట్టి వేళ మీ తప్పునకు సంతకము పెట్టు స్నేహితుని వెదకకుడి. మీతో రాత్రి యెనిమిది గంటలవఱకు కూర్చుండువానిని వెదకుడి. మీరును అట్టివారు కండి. తలిదండ్రులారా, పిల్లలు ఇంటికి వచ్చి తోటివారి తప్పు కప్పిపుచ్చితిమని గొప్పగా చెప్పినప్పుడు మెచ్చుకొనకుడి. తోటి ఉపాధ్యాయులారా, మన విశ్రాంతి గదిలోను వరండాలో నిలిచిపోవువా రెవరైన నున్నారేమో యని ఒకమాఱు తలయెత్తి చూతము. మనకును వారమున కొక శనివారపు సాయంకాలము అవసరమే.