లైబ్రరీకి తాళంచెవి చాలదు, చదువరి కావాలి

లైబ్రేరియన్ ఉద్యోగమంటే ఊళ్లో ఒక చులకన. పొద్దున తాళం తీస్తాడు, పేపర్లు బల్లమీద పడేస్తాడు, కుర్చీలో కునుకు తీస్తాడు, మళ్లీ తాళం వేస్తాడు, జీతం తీసుకుంటాడు. ఈ మాట పెద్దకులాల అరుగుల మీదే కాదు, మన పల్లెల్లోనూ వినబడుతుంది. ప్రభుత్వాలకూ ఇదే అభిప్రాయం ఉన్నట్టుంది. అందుకే రిటైరైనవాళ్ల చోట కొత్తవాళ్లను వెయ్యకుండా ఒకరికే రెండు మూడు శాఖలు అప్పజెబుతున్నారు. కొన్నిచోట్ల కూలి లెక్కన ఒక మనిషిని పెట్టి తాళంచెవి చేతికిస్తున్నారు. తాళం తియ్యడమే పని అయితే ఆ ఏర్పాటు సరిపోయేదే. కానీ పని అది కాదు. ఈ సంగతి అందరికంటే ముందు మనం తెలుసుకోవాలి. ఎందుకంటే తాతలనాటి పుస్తకాల బీరువా లేనిది మన ఇళ్లలోనే.

మా మండల కేంద్రంలో ఒక శాఖా గ్రంథాలయం ఉంది. అక్కడి లైబ్రేరియన్ మన ఆడపడుచు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. బడి వదిలాక సాయంత్రాలు నేను అక్కడికి పోతుంటాను. ఆమె చేసే పని కళ్లారా చూస్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. ఆ ఆరు గంటల్లో ఏం జరుగుతుంది? వచ్చిన పేపర్లు సరిచూసి ముద్ర వెయ్యాలి. చదవను వచ్చినవాళ్లచేత రిజిస్టరులో సంతకం పెట్టించాలి. తిరిగొచ్చిన పుస్తకం పేజీలు చూసి తీసుకోవాలి, గడువు దాటినవాళ్లకు కబురు పెట్టాలి. కొత్త పుస్తకం వస్తే దానికి వరస నంబరు, ముద్ర, వీపు మీద చీటీ, లోపల తేదీల కాగితం. వానాకాలం కప్పు కారితే కింది అరల పుస్తకాలు మోసుకెళ్లి పొడి చోట పెట్టాలి. చెదలు చూసుకోవాలి. నెలాఖరుకు లెక్కలు జిల్లాకు పంపాలి. ఇవన్నీ ఆమె ఒక్కరే చేస్తారు.

ఇది కాగితం మీద ఉన్న పని. కాగితం మీద లేనిది ఇంకా ఎక్కువ. మన పల్లెనుంచి ఒక పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మా, పేపరు చూడాలంటే కార్డుండాలా?" అని అడిగాడు. "అక్కర్లేదు బాబాయ్, లోపలికొచ్చి కుర్చీలో కూర్చోండి" అన్నారామె. ఆయనకు చదువు రాదని తెలిశాక, పక్కనే ఉన్న డిగ్రీ కుర్రాణ్ణి పిలిచి పైకి చదివించారు. మర్నాడు ఆయన ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. జీవితమంతా ఇంకొకరి గుమ్మం బయట నిలబడిన మనిషికి "లోపలికొచ్చి కూర్చోండి" అన్న మాట విలువ ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఆమె చదువుతారు. కొత్త పుస్తకాల కట్ట వస్తే అరల్లోకి పోయేలోపే రెండు తన పేరున రాసుకుని ఇంటికి తీసుకెళ్తారు. జాషువా 'గబ్బిలం' చదివారు, ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' చదివారు, 1995లో వచ్చిన దళిత కవిత్వం 'చిక్కనవుతున్న పాట' చదివారు, కల్యాణరావు 'అంటరాని వసంతం' రెండుసార్లు చదివారు. ఆడవాళ్లు అడిగే నవలలూ వదలరు, డిటెక్టివ్ పుస్తకాలూ వదలరు. అవెందుకక్కా అన్నాను ఒకసారి. "వాళ్లు చదివేది నేను చదవకపోతే వాళ్లతో మాట్లాడేదెట్టా మాస్టారూ? మాట కలిస్తేనే గదా రెండో పుస్తకం చేతికిచ్చేది" అన్నారు. ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. చదివిన ప్రతి పుస్తకం పేరు పక్కన, ఊళ్లో అది ఎవరికి పనికొస్తుందో ఒక ముక్క రాసుకుంటారు.

లైబ్రేరియన్ సొంత చదువు ఆయన సరదా, మనకేం సంబంధం అనుకోకండి. బాబాసాహెబ్ పుస్తకాలే చూడండి. చదవనివాడు అట్టమీద బొమ్మ చూసి అన్నిటినీ తీసుకెళ్లి 'నాయకుల జీవిత చరిత్రలు' అరలో తోస్తాడు. కానీ 1923 నాటి 'రూపాయి సమస్య' అర్థశాస్త్రం, డ్యూయీ పద్ధతిలో 330ల్లో ఉండాలి. 1936 నాటి 'కుల నిర్మూలన' సామాజిక శాస్త్రం, 300ల్లో ఉండాలి. ఆయన పోయాక 1957లో అచ్చయిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' బౌద్ధం, 294.3 దగ్గర ఉండాలి. అర మారితే ఏమవుతుంది? ఎకనామిక్స్ చదివే కుర్రాడికి అంబేద్కర్ ఆర్థికవేత్త అని ఎప్పటికీ తెలియదు. ఆయన బొమ్మలాగే మిగిలిపోతాడు. ఏడాదికోసారి దండ వేస్తారు, పుస్తకం తెరవరు. విగ్రహం పెట్టడానికి అడ్డుపడేవాళ్లతో మనం కొట్లాడుతున్నాం, కొట్లాడాలి. ఆ విగ్రహం చేతిలో పుస్తకం ఏ అరలో ఉందో కూడా అడగాలి.

గ్రంథాలయ శాస్త్రానికి పెద్ద అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు చెప్పాడు. పుస్తకం ఉన్నది వాడుకోవడానికని, ప్రతి చదువరికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని చదువరి దొరకాలని అందులో ఉంది. మరి మాదిగపల్లెలో పదో తరగతి చదివే పిల్లకు ఆమె పుస్తకం ఏదో ఎవరు చెప్పాలి? బీరువా చెప్పదు. కంప్యూటరూ చెప్పదు, అది అడిగినదే చూపిస్తుంది. ఏమడగాలో తెలియని పిల్లకు చదివిన మనిషే చెప్పాలి.

దీనికి మన చరిత్రలోనే సాక్ష్యం ఉంది. బొంబాయిలో ఒక తోటలో కూర్చుని చదువుకునే కుర్రాణ్ణి కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే పంతులు గమనించాడు, పలకరించాడు, పుస్తకాలిచ్చాడు. 1907లో ఆ కుర్రాడు మెట్రిక్ పాసైతే, తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవిత చరిత్ర బహుమానమిచ్చాడు. తర్వాత బరోడా మహారాజు శాయాజీరావు దగ్గర ఆ కుర్రాడి గురించి చెప్పి స్కాలర్‌షిప్ ఇప్పించాడు. ఆ కుర్రాడే భీమ్‌రావ్ అంబేద్కర్. ఆ మహారాజు సాయంతోనే 1913లో అమెరికా చదువుకు వెళ్లాడు. 1910 నుంచి తన సంస్థానంలో ఊరూరా ఉచిత గ్రంథాలయాలు పెట్టించిందీ ఆ శాయాజీరావే. కేలుస్కర్ చేసింది లైబ్రేరియన్ పని. తాను చదివాడు, ఎదుటి పిల్లాణ్ణి చూశాడు, సరైన పుస్తకం చేతికిచ్చాడు. ఆ బుద్ధుడి పుస్తకం 1956లో నాగపూర్ దీక్షాభూమి దాకా నడిచింది.

ఇప్పుడు డబ్బు సంగతి. లైబ్రరీ ఎవరి దయాధర్మమూ కాదు. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడుతున్నాం, రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్ను కట్టిన ఇల్లు 80 రూపాయలు లైబ్రరీకి కట్టినట్టే. మాలపల్లెలో ఇల్లూ కడుతోంది, మాదిగపల్లెలో ఇల్లూ కడుతోంది. మీ రసీదు తీసి చూసుకోండి. వసూలు చేసిన స్థానిక సంస్థలు ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు సరిగ్గా జమ చెయ్యడంలేదన్న గోల ఏళ్ల తరబడి ఉన్నదే. మన పన్ను ఎక్కడ ఆగుతోంది? 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తు పెడితే పంచాయతీ చెప్పి తీరాలి. 1927లో మహద్‌లో చెరువు నీళ్లు మా హక్కు అని నడిచి వెళ్లినవాళ్ల వారసులం మనం. పన్ను కట్టి మరీ పుస్తకం అడగడానికి మొహమాటమెందుకు?

మా మేడమ్ వచ్చే ఏడాది రిటైరవుతారు. ఆ చోట మనిషిని వేస్తారా, తాళంచెవి ఇంకొకరికిచ్చి ఊరుకుంటారా అన్నది మనమీదే ఉంది. లైబ్రరీలో చదువరులు ఎంతమందో చెప్పేది ఆ రిజిస్టరే. అందులో మన సంతకాలు లేకపోతే ఎత్తెయ్యడానికి వాళ్లకు అదే సాకు.

కాబట్టి కార్యకర్తలు ఈ పనులు చెయ్యాలి. ప్రతి పల్లెనుంచీ పిల్లల్నీ ఆడవాళ్లనూ సభ్యులుగా చేర్పించండి. పూచీ సంతకం అడిగేచోట మన ఉద్యోగులు, పంతుళ్లు ముందుకొచ్చి పెట్టండి. నేను పెడుతున్నాను. కావలసిన పుస్తకాల పేర్లు రాసి లైబ్రరీలో ఇవ్వండి. మన కవులవీ, మన ఆడవాళ్లు రాసినవీ, బాబాసాహెబ్ సంపుటాలూ అడగండి. గ్రూప్స్, డీఎస్సీ చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ హాలు నింపుతున్నది మీరే, సంతోషం. పరీక్ష పుస్తకంతో పాటు ఇంకొకటి ఇంటికి తీసుకెళ్లండి. డిగ్రీ అయినవాళ్లు లైబ్రరీ సైన్సు కోర్సు వైపు కూడా చూడండి, ఆ కుర్చీలో మనవాళ్లుండాలి. ఖాళీ పోస్టులు నింపాలని నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లోనే, వేదిక మీద పెద్దలు కూర్చుని ఉండగానే, అర్జీ ఇవ్వండి.

కూర్చున్నది మనవాడైనా సరే, చదవకపోతే ఒప్పుకోవద్దు. "ఈ నెల మీరేం చదివారండీ?" అని లైబ్రేరియన్‌ను అడగండి. మర్యాదగానే అడగండి, ప్రతి నెలా అడగండి.

జై భీమ్.